తుమ్మని మనిషి

ఒకరిని చూసి ఒకరు ఓర్వలేకపోవడానికి లోకంలో నూరు కారణాలుంటాయి. ఆస్తి చూసి, అందం చూసి, కొలువు చూసి కుళ్ళుకుంటారు. నేను ఒక మనిషి ముక్కును చూసి కుళ్ళుకున్నాను. అదీ ఒకరోజు రెండురోజులు కాదు, మూడేళ్ళు. ఆ ముక్కు ఏమంత చూడముచ్చటైనది కూడా కాదు. కొస లావుగా, కుడివైపుకు వంగి, చిన్నప్పుడు ఎడ్లబండి మీంచి పడి దెబ్బ తగిలిన గుర్తుతో, తొందరలో ఎవరో అంటించి పోయినట్టు ఉండేది.

మొన్నీమధ్య ఒక పొద్దున అతను పోయాడని ఫోను వచ్చింది. నేను పొయ్యి దగ్గర నిలబడి మరుగుతున్న చాయ్ వాసన చూస్తున్నాను. అల్లం వేరే, యాలకలు వేరే, పాలు వేరే తెలుస్తున్నాయి. "పొద్దుగాల లేచి రుమాలు చుట్టుకుంటాంటే గుండె ఆగిందట" అన్నాడు ఫోనులో మా గుమాస్తా. పొయ్యి ఆపి అక్కడే గడప మీద కూర్చున్నాను. ఏడుపు రాలేదు. "నువ్వు చెప్పిందే నిజమైందన్నా" అని అతనితో అనవలసిన మాట ఒకటి ఆరు నెలలుగా నా గొంతులో ఆగి ఉంది. ఇక ఆ మాట చెప్పే పని తప్పిందనుకున్నాను. ముందుగా వచ్చిన ఆలోచన అదే. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది, అయినా దాచి ఏం లాభం?

ఇద్దరం వరంగల్ ఎనుమాముల మార్కెట్లో ఒకే సేటు దగ్గర పనిచేసేవాళ్ళం. సేటు మిర్చి కొంటాడు. ఏ కుప్ప కొనాలో, ఏది కొనకూడదో చూసి చెప్పడం మా పని. కాయ విరిగి పొడైపోకుండా కొందరు, తూకం కోసం కొందరు నీళ్ళు చల్లి బస్తాలు తొక్కుతారు. పైన ఎండుకాయ, లోపల తడికాయ. అలాంటి బస్తాను కొని కోల్డ్ స్టోరేజీలో పెడితే నెల తిరిగేసరికి లోపల బూజు పట్టి, పక్క బస్తాలను కూడా ఆగం చేస్తుంది. ఆ తడిని బస్తా కోసిన నిమిషంలోనే పట్టుకోవాలి. సేటు తేమ కొలిచే మీటరు ఒకటి కొన్నాడు కానీ అది సొరుగులో నిద్రపోతోంది. దాన్ని గుచ్చి చూసేలోపు పక్క సేటు ధర చెప్పి కుప్ప ఎత్తుకుపోతాడు.

అతను కుప్ప దగ్గరికి వచ్చే తీరే వేరు. ఎర్రగళ్ళ రుమాలు తలకు చుట్టి, చొక్కా చేతులు మోచేతి పైకి మడిచి, చెప్పులు అవతలే విడిచి వచ్చేవాడు. "లచ్చిమి ఉన్నకాడికి చెప్పులేసుకోని పోతరా?" అనేవాడు. బస్తాకు చిన్న కోత పెట్టి, చెయ్యి మోచేతి దాకా లోపలికి దూర్చి, గుప్పెడు కాయ తీసేవాడు. తొడిమ దగ్గర వేలితో నొక్కేవాడు. ఒక కాయను చెవి దగ్గర పెట్టుకుని ఊపేవాడు. బాగా ఎండిన కాయలో గింజలు గలగలమంటాయి, తడికాయ నోరు మెదపదు. కడపట ముక్కు దగ్గర విరిచి, కళ్ళు మూసుకుని, లోపలికి పీల్చేవాడు. అప్పుడు "ఊఁ" అనేవాడు, లేకపోతే "ఒద్దు" అనేవాడు. అంతకుమించి మాట్లాడేవాడు కాదు. ఆ ఒక్క మూలుగు మీద సేటు వంద బస్తాలు కొనేసేవాడు.

అంత ఘాటులో అతను మూతికి గుడ్డ కట్టగా నేను చూడలేదు. తుమ్మగా చూడలేదు. యార్డులో అందరూ దగ్గుతారు, కొత్తవాళ్ళైతే గేటు దాటగానే తుమ్ములు మొదలుపెడతారు. ఒకసారి కేసముద్రం వైపు నుంచి వచ్చిన ఒక ముసలి రైతు ధర పలికే వేళకు పక్కన ఎవరో తుమ్మారని, శకునం బాగాలేదని, అమ్మకుండా బస్తా మీద కూర్చున్నాడు. లేవబోయేసరికి మరొకరు తుమ్మారు. మళ్ళీ కూర్చున్నాడు. అలా పదిసార్లు లేచి కూర్చున్నాక అతను వెళ్ళి ముసలాయన భుజం మీద చెయ్యి వేశాడు.

"పెద్దయ్యా, మిర్చి యార్డుల తుమ్ముకు శకునం పట్టద్దే. పట్టినమంటే యార్డే బందైతది. లే, నీ కాయ మంచిగున్నది."

మనుషులకు మిర్చి రకాల పేర్లు పెట్టేవాడు. నాకు తేజ అని పెట్టాడు. "సన్నగుంటవ్, ఊకె మండుతవ్" అని నవ్వేవాడు. తనేమో చపాట రకమట. ఆ కాయ మా వరంగల్ వైపు పండుతుంది, లావుగా, ఎర్రగా టమాటాలా ఉంటుంది, కారం తక్కువ. "రంగే ఉన్నది తమ్మీ, కారం లేదు" అనేవాడు తన పొట్ట తట్టుకుంటూ. నాకంటే మూడేళ్ళు పెద్ద, అందుకని నన్ను తమ్మీ అనేవాడు, నేను అన్నా అనేవాడిని. ఆ 'తమ్మీ'లో నిజంగానే ప్రేమ ఉండేది. అదొకటి నాకు మరీ మంట.

ఏ మాటకామాటే చెప్పాలి, మొదట్లో నా ముక్కు కూడా తీసిపోయింది కాదు. సేటు అతన్ని వరుసకు ఒక కొసన, నన్ను ఇంకో కొసన పంపేవాడు. ఇద్దరం మధ్యలో కలుసుకునేసరికి ఎవరు ఎక్కువ తడి పట్టారో చూసుకునేవాళ్ళం. ఒకరోజు అతనిది పైచెయ్యి, ఒకరోజు నాది. అప్పుడు కుళ్ళు లేదు, పందెమే ఉండేది.

కరోనా తగ్గిన మరుసటి ఏడు నేను హన్మకొండలో ఫ్లాటు కొన్నాను. అప్పటిదాకా కాశిబుగ్గలో అద్దె ఇంట్లో ఉండేవాళ్ళం. ఫ్లాటు మూడో అంతస్తు. పాత పెంకుటిల్లు ఒకటి కూలగొట్టి, ఆ జాగాలోనే అయిదంతస్తులు లేపారు. పక్కవాళ్ళూ అదే పని చేశారు. అందుకని మా పడకగది కిటికీ తెరిస్తే చెయ్యి చాపినంత దూరంలో పక్క అపార్టుమెంటు గోడ. ఎండ ఎప్పుడూ రాదు, పావురాలు మాత్రం వస్తాయి. వాటి కోసం వల కొట్టించాం. రోడ్డు పనుల దుమ్ము రాకూడదని అద్దాలు మూశాం. ఉక్కపోస్తే ఏసీ ఉండనే ఉంది. పైన తెల్లటి ఫాల్స్ సీలింగు, గోడ పొడుగునా చెక్క బీరువా, దానికి అద్దం. దుమ్మును లోపలికి రానివ్వలేదు నిజమే, కానీ లోపల ఉన్నదేదీ బయటికి పోలేదని తర్వాత తెలిసింది.

గృహప్రవేశానికి అతను భార్యతో వచ్చాడు. శివనగర్‌లో వాళ్ళది రెండర్రల రేకుల ఇల్లు, ముందు తలుపు తీస్తే వెనక మోరీ కాలువ దాకా కనపడుతుంది. అలాంటి ఇంట్లోంచి వచ్చిన మనిషి కళ్ళల్లో ఇవాళైనా కొంచెం కుళ్ళు కనపడకపోతుందా అని నేను వెతికాను. అతను లిఫ్టులో రెండుసార్లు పైకీ కిందికీ తిరిగి వచ్చి, "మస్తున్నది తమ్మీ, పిల్లలు ఆడుకునే ఆట లెక్కున్నది" అన్నాడు. భోజనం రెండుసార్లు వడ్డించుకున్నాడు. నా వెతుకులాట దండుగ అయింది.

ఏడాది తిరిగేసరికి నాకు తుమ్ములు పట్టుకున్నాయి. పొద్దున లేస్తూనే వరసగా తుమ్ములు, కళ్ళ దురద, ముక్కు ఒకసారి చెరువు, ఒకసారి బండరాయి. జలుబుకు కూడా గోలీ ఎరుగని వాణ్ణి, నలభై దాటాక రుమాలు లేకుండా గడప దాటలేకపోయాను. చూసిన ప్రతివాడూ మిర్చి వల్లేనన్నాడు. ఇన్నేళ్ళ ఘాటు ఎక్కడికి పోతుందన్నారు. నేనూ అదే నమ్మాను. నమ్మేకొద్దీ అతని మీద మంట పెరిగింది. అదే యార్డు, అదే ఘాటు, అదే దుమ్ము. నాకంటే ఎక్కువే పీలుస్తాడు. నేను మాస్కు కట్టుకుని గోలీ మత్తులో తూగుతుంటే, అతను కాయ ముక్కు దగ్గర విరిచి కళ్ళు మూసుకుని పీల్చేవాడు. ఒక్క తుమ్ము రాకూడదా దేవుడా, సేటు ముందర, ఒక్కటంటే ఒక్కటి, అని మొక్కుకున్నాను. ఇంతటి మొక్కు ఏ దేవుడు వింటాడు?

అతని మంచితనం కూడా నాకు గిట్టేది కాదు. ఒకరోజు యార్డు ముందరి హోటల్లో పాలు మాడిపోయాయి. చాయ్ నోట్లో పెట్టగానే అందరూ థూ అని ఊశారు, ముక్కు మూసుకుపోయిన నాకు కూడా నాలుక మీద ఏదో తేడా తెలిసింది. అతను మాత్రం గ్లాసు ఖాళీ చేసి, "మంచిగనే ఉన్నది గదనే" అని పైసలిచ్చి వచ్చాడు. హోటలాయన మొహం వెలిగిపోయింది. వేషాలు, అనుకున్నాను నేను.

దవాఖానలో డాక్టరమ్మ నాకు ఏది పడదో తేల్చడానికి ముంజేతి మీద మందు చుక్కలు వేసి సూదితో గీరింది. కాసేపటికి మూడుచోట్ల దద్దు లేచింది. ఇంటి దుమ్ములో బతికే కంటికి కనపడని పురుగులు ఒకటి, బూజు ఒకటి, పావురాల రెట్ట ఒకటి.

"పెద్దవాళ్ళకు కొత్తగా ఇట్లా వస్తున్నాయి ఈ మధ్య. ఇల్లు మారినంక మొదలైందా? గోడలు ఎక్కడన్న తడిగున్నయా?" అని అడిగింది.

"కొత్త ఇల్లు మేడమ్" అన్నాను నొచ్చుకుని. లోకంలో అతని మీద నేను గెలిచిన సంగతి ఆ ఇల్లొక్కటే. దాన్ని ఒకమాట అంటే నాకు ఒప్పలేదు.

రెండేళ్ళ కింద చలికాలం, కొత్త కాయ వస్తున్న రోజుల్లో, ఒక పొద్దున బాగా మంచు పడింది. అలాంటి రోజున మా పని కష్టం. బస్తాలన్నీ పైనుంచి చెమ్మగిల్లి ఉంటాయి, కాయ మెత్తబడి గింజ పలకదు. చెయ్యి చెప్పలేదు, చెవి చెప్పలేదు, ముక్కొక్కటే చెప్పాలి. నా ముక్కేమో బండ. ఒక కుప్ప దగ్గర నాకు అనుమానం వచ్చింది. అహం చంపుకుని అతన్ని పిలిచాను.

"అన్నా, ఓపారి వాసన చూడరాదె. నాకు తెలుస్తలేదు."

అతను కాయ విరిచి చాలాసేపు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. "మంచిగనే ఉన్నట్టున్నది తమ్మీ" అన్నాడు. కొన్నాం. నెల దాటాక కోల్డ్ స్టోరేజీ నుంచి కబురొచ్చింది, ఆ బస్తాల కడుపులన్నీ నల్లబడ్డాయని. సేటు ఇద్దరినీ నిలబెట్టాడు. ఆ కుప్ప చూసింది నేనని అందరికీ తెలుసు. నేను నోరు తెరిచేలోపు అతను ముందుకు వచ్చాడు.

"కడపట చూసింది నేనే సేటూ. నా ముక్కే మోసం చేసింది."

సేటు అతని మొహం చూసి నవ్వేశాడు. "నీ ముక్కు మోసం చేసుడేందివయా? పోనియ్. ఎన్నడో ఒకనాడు అయితది" అన్నాడు. నావైపు తిరిగి, "నువ్వు పదిహేను దినాలు ఇంటికాడ పండుకో. ముక్కు బాగు చేసుకోని రా" అన్నాడు. అన్న ముక్కుకు తప్పు చేసే హక్కు కూడా ఉందన్నమాట. నాకేమో సెలవు! బయటికి వచ్చాక అతను బీడీ ఇచ్చాడు, తీసుకోలేదు. ఇంటికి వస్తూ దారి పొడుగునా లెక్కలు కట్టుకున్నాను. అంతటి ముక్కుకు ఆ తడి తెలియకుండా ఉంటుందా? తెలిసే కాయ బాగుందన్నాడు. నన్ను పడగొట్టాలని. పడగొట్టి, మళ్ళీ తనే లేపి, సేటు ముందు పెద్దవాడు కావాలని. కుళ్ళు పట్టిన బుర్రకు లెక్క ఎంత బాగా కుదురుతుందో!

ఇంట్లో ఉంటే తగ్గాలి కదా. పెరిగింది. యార్డు మొహం చూడని ఆ రోజుల్లో, అద్దాలు మూసిన గదిలో, ఏసీ కింద దుప్పటి కప్పుకుని, పొద్దస్తమానం తుమ్మాను. పిల్లికూతలు కూడా మొదలయ్యాయి ఛాతీలో. అయిదోరోజో ఆరోరోజో అతను జామకాయల సంచీ పట్టుకుని వచ్చాడు. మా ఆవిడ నా మొహం చూడకుండా లోపలికి పిలిచింది.

"ఏమైందమ్మా చెల్లె, యార్డు బందువెట్టినా తగ్గుతలేదా?"

"ఎక్కువైంది అన్నా. ఆ అర్రలకు పోతే ఇంకింత ఎక్కువైతాంది."

అతను పడకగదిలోకి వచ్చాడు. మంచం మీద నేనున్నాను, నన్ను పలకరించలేదు. కుప్ప దగ్గరికి వచ్చినట్టే వచ్చాడు. గోడకు చెయ్యి వెనకభాగం ఆనించి మెల్లగా నడిచాడు. బీరువా దగ్గర ఆగాడు. బీరువా తలుపు తీసి, బట్టలు పక్కకు జరిపి, మోచేతి దాకా చెయ్యి దూర్చి వెనక చెక్కను నొక్కాడు. వేలితో కొట్టి విన్నాడు.

"తమ్మీ, గోడకు నెమ్ము ఎక్కింది. మీదింటి బాత్రూమ్ నీళ్ళు ఈడికి దిగుతానయ్. ఇది మిర్చి ఘాటు కాదు, నీ ఇల్లు తడిబస్తా అయింది. ఈ బీరువ పీకిపియ్యి."

నేను దుప్పటి తీసి లేచి కూర్చున్నాను. "మిర్చి చూసుకో అన్నా. ఇండ్లు చూసుడు నీ పని కాదు. రేకుల ఇంట్ల ఉండెటోనికి ఫ్లాటు సంగతి ఏమెర్క?" అన్నాను.

మా ఆవిడ తలవంచుకుంది. అతను చెయ్యి బయటికి తీసి, వేళ్ళు రుమాలుకు తుడుచుకున్నాడు. "సరే తమ్మీ. జర కిటికన్న తెరువ్" అన్నాడు. మా ఆవిడ ఇచ్చిన చాయ్ తాగి వెళ్ళిపోయాడు. అతను పోయాక ఆవిడ, "అన్న ముక్కుకు మొక్కాలె. గోడ ఎనుకది గుడ పసిగట్టిండు" అంది. కట్టుకున్న పెళ్ళాం కూడా ఆ ముక్కునే మెచ్చుకుంటుంటే నాకు ఒళ్ళు మండిపోయింది. బీరువా పీకేది లేదని ఒట్టు పెట్టుకున్నాను.

సెలవు అయ్యాక యార్డుకు వెళ్ళాను. వింత ఏమిటంటే, మధ్యాహ్నానికల్లా, ఆ ఎర్రటి ఘాటులో, నా ముక్కు కొంచెం విడిచింది. సాయంత్రం ఇంటికి చేరగానే మళ్ళీ పట్టేసింది. రోజూ అదే తంతు. చిన్నపిల్లాడికి కూడా అర్థమయ్యే సంగతి. ఎవరికీ చెప్పలేదు. ఏడాదిన్నర గోలీలు మింగాను, ఆ మనిషి మాట నిజం కాకూడదని.

మొన్నటి వానాకాలం నేను పని మీద ములుగు వెళ్ళి రెండు రోజులున్నాను. తిరిగొచ్చేసరికి మా ఆవిడ వడ్రంగిని పిలిచి బీరువా పీకించింది. దాని వెనక గోడ దుప్పటంత మేర నల్లగా, నూగు పట్టి ఉంది. చెక్క వెనకవైపు వేలు పెడితే దిగిపోయింది. పై ఫ్లాటు వాళ్ళు పైపు బాగు చేయించారు, మేస్త్రీ గోడ గీకి కొత్త పూత పెట్టాడు. బీరువా మళ్ళీ బిగించలేదు. వల తీసి కడిగి, పొద్దున సాయంత్రం అద్దాలు తెరవడం మొదలుపెట్టాం. నెలన్నరకు తుమ్ములు తగ్గాయి. చలికాలంలో రోడ్డు మధ్య చెట్లు పూసినప్పుడు కాస్త దురద పెట్టిందంతే. దానికి ముందే, దసరా నాటికి, నాకు చాయ్‌లో అల్లం వాసన వచ్చింది.

అతనికి చెప్పలేదు. యార్డులో కనపడగానే ఎప్పుడూ అడిగేవాడు, అందరూ బాగున్నావా అని అడిగినట్టు, "ఎట్లున్నది ముక్కు?" అని.

"గట్లనే ఉన్నదన్నా" అనేవాణ్ణి. మాస్కు తీయలేదు. అప్పుడప్పుడు రాని తుమ్ము కూడా తుమ్మాను. మా ఆవిడ చెప్పబోతే గుడ్లురిమాను. నా మనసులో వేరే ఎత్తు ఉంది. ఒక మంచు పొద్దున, అతను తప్పు చెప్పిన కుప్పను సేటు ముందు నేను పట్టుకోవాలి. అప్పుడు మాస్కు తీసి చెప్పాలి, ఇదిగో నా ముక్కు అని.

ఆ మంచు పొద్దు రానే వచ్చింది, అతను పోవడానికి రెండు రోజుల ముందు. కొత్త కాయ దిగుతోంది. ఒక కుప్ప నాలుగడుగుల దూరంలో ఉండగానే, మాస్కులోంచే, నాకు బూజు వాసన తగిలింది. ఏడాదిన్నర నా పక్కన పడుకున్న వాసన అది, నాకు తెలియదా? అతను బస్తా కోసి చెయ్యి దూర్చాడు. నొక్కాడు. ఊపాడు. ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. చాలాసేపు అలాగే నిలబడ్డాడు. తన ముక్కును చూసుకోమని చూపిస్తున్నట్టనిపించింది నాకు. తర్వాత కళ్ళు తెరిచి నావైపు కాయ చాపాడు.

"తమ్మీ, నువ్వు జర చూడరాదె."

"నాకేం వాసనొస్తదన్నా? ముక్కు బందే గద" అన్నాను.

ఒక్క నిమిషం నా మొహం చూశాడు. "మంచిగనే ఉన్నట్టున్నది" అని సేటుకు చెయ్యి ఊపాడు. నా కడుపులో సంబరం. వెంటనే చెబితే ఏం బాగుంటుంది, కాయ గోదాముకు చేరనీ, రేపో ఎల్లుండో సేటును తీసుకెళ్ళి చూపిస్తాను అనుకున్నాను. ఆ ఎల్లుండి నాడే ఫోను వచ్చింది.

ఆ బస్తాలన్నీ విప్పించి, తడికాయ ఏరించి, మిగతాది మళ్ళీ ఎండబోయించాను. సేటు ఎందుకని అడిగితే మంచు తగిలిందన్నాను. అతని పేరు రానివ్వలేదు. ఇదేదో గొప్ప పని చేశానని చెప్పడం లేదు.

పదకొండో రోజు అన్నాలకు శివనగర్ వెళ్ళాను. అందరూ తిని వెళ్ళిపోయాక వదిన ముందరి వసారాలో నా పక్కన చాప మీద కూర్చుంది. ఎదురుగా వాకిట్లో, పచ్చడికని అతను తెచ్చి ఆరబోసిన చపాట కాయలు అలాగే ఉన్నాయి. వాటిని చూస్తూ నేను, "అన్నసోంటి ముక్కు యార్డుల మల్ల రాదు వదినా" అన్నాను.

ఆమె నావైపు వింతగా చూసింది. "ఏం ముక్కు తమ్మీ? కరోనా వచ్చిపోయినంక మీ అన్నకు వాసనే రాలేదు. అందరికి నెలకో రెండు నెలలకో వచ్చింది. ఈయనకు రానే రాలేదు. పప్పు మాడి ఇల్లంత కమురు వాసనొస్తాంటే మంచం మీద కూసుండి పేపర్ సదువుకుంటాండె."

నాకు అర్థం కాలేదు. "మరి యార్డుల?" అన్నాను.

"చేతుల తోటి, చెవుల తోటి ఎల్లదీసుకొచ్చిండు. సేటుకు ఎర్కైతే కొలువు పోతదని నాతోటి ఒట్టేయించుకున్నడు. మంచు పడ్డనాడు మాత్రం బువ్వ ముట్టకపోతుండె. చెయ్యి పనిచెయ్యది, చెవి పనిచెయ్యది, ఇయ్యాల నా బతుకు బయటపడ్తది అని ఒకటే ఫికర్."

నాకు ఒక్కొక్కటీ కళ్ళముందుకు వచ్చింది. మాడిన చాయ్. మా గోడ మీద చెయ్యి వెనకభాగం. అంతకంటే పాతది ఇంకొకటి. మొదటి రోజుల్లో అతను కాయ తీయగానే ముందు ముక్కు దగ్గర పెట్టుకునేవాడు, చెయ్యీ చెవీ తర్వాత. కరోనా తర్వాత ఆ వరస తిరగబడింది, ముక్కు కడపటికి పోయింది. అంత కుళ్ళుతో, కళ్ళు తిప్పకుండా చూసినవాణ్ణి, ఇది మాత్రం నాకు కనపడలేదు.

"నీ మీద మస్తు కుళ్ళుకునెటోడు తమ్మీ, ఏమనుకోకు" అంది వదిన కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ, కొంచెం నవ్వుతూ. "ఆనికి ముక్కు పట్టేస్తది, మల్ల ఇడుస్తది. తుమ్ముతాండంటే ముక్కుకు పానం ఉన్నట్టే గద, నాది కట్టెముక్కు అనెటోడు. మీ ఇంటికి వచ్చిపోయినంక దినాం ఒకటే అడుగుడు నన్ను. ఆ బీరువ పీకిచ్చిండ్రంటవా అని. పీకిస్తే తమ్మునికి ముక్కొస్తది, గప్పుడు ఆనికొక్కనికి నిజం చెప్త, ఇద్దరికి కలిపి ఒక్క ముక్కున్నా ఎల్లదీసుకుంటం అనెటోడు."

వాకిట్లోంచి ఒక కాయ తీసి చేతిలో తిప్పుతూ కూర్చున్నాను. కాసేపటికి ఆమె అడిగింది, అచ్చం అతను అడిగినట్టే.

"ఎట్లున్నది తమ్మీ ముక్కు ఇప్పుడు?"

"మంచిగైంది వదినా" అన్నాను. "దసరా నుంచి వాసనొస్తాంది."

ఆమె మొహం విప్పారింది. "అయ్యో, సల్లని మాట చెప్పినవ్. మరి మీ అన్నకు చెప్పినవా?"

ఆరబోసిన మిరపకాయల వాసన, ఇంటి వెనక మోరీ వాసన, లోపల దండెం మీద వేలాడుతున్న అతని రుమాలు వాసన, అన్నీ నాకు తెలుస్తూనే ఉన్నాయి.